నా ఎడమ జబ్బ మీది దొంగ టీకా

ఈ కాలం పిల్లలకు టీకా వేయిస్తే చేతిలో చాక్లెట్టు పెట్టి ఫొటో తీస్తున్నారు. నిజాం జమానాలో మా ఇబ్రహీంపట్నానికి మశూచి టీకాలు వేసే సాబ్ వచ్చాడంటే పిల్లలం గడ్డివాముల్లో దూరేవాళ్లం. (వడ్ల గుమ్మిలో దూరిన మా తమ్ముడు తుమ్మి దొరికిపోయాడు.) ఆ ఏడు మాత్రం నేను దూరలేదు. నాకు పదకొండేళ్లు. హైదరాబాదులో ఆడపిల్లల బడి, దానికో హాస్టలు, అందులో నాకు చోటు చూశాడు మా మామ, అంటే అమ్మ తమ్ముడు. బాపును ఒప్పించడానికి ఆయనకు రెండు ఎండాకాలాలు పట్టింది. హాస్టలు వాళ్ల షరతు ఒక్కటే, జబ్బ మీద టీకా పొక్కు పొంగి ఉండాలి. అందుకని అందరికంటే ముందు వెళ్లి చెయ్యి చాచాను. సాబ్ ఎడమ జబ్బ మీద ములుకుతో గీరి, మందు రాసి, "శభాష్ బేటీ! మొగపిల్లలు సుత దాక్కుండ్రు, నువ్వు నిలవడ్డవ్" అన్నాడు. నేను ఆ పూటంతా నేల మీద నడవలేదు.

మా నాయనమ్మ సంగతి మరిచాను. చిన్నప్పుడు అమ్మవారు పోసి బతికిన మనిషి, ముఖమంతా గుంటలే. "అమ్మతల్లికి అడ్డం పోతరానే?" అంటూ సాబ్ అటు తిరగ్గానే నన్ను దొడ్లోకి లాక్కెళ్లి, ఆ మందంతా కొంగుతో రుద్ది రుద్ది కడిగేసింది. "బాపుకు చెప్తివంటే నా మీద ఒట్టే" అంది. ఒట్టు పెట్టాక ఇంకేం చెబుతాను? వారానికి సాబ్ మళ్లీ వచ్చి చూస్తాడు. పొంగినవాళ్లకు చిట్టీ రాసిస్తాడు, పొంగనివాళ్లకు మళ్లీ గీరి మరో వారం ఆగమంటాడు. మామ బండి కట్టుకుని వచ్చేది ఆ మర్నాడే, అది దాటితే ఆ ఏటికి బడి లేదు. ఐదోరోజుకు వీధిలో అందరి జబ్బలూ పొంగాయి. నాదొక్కటే నున్నగా మెరిసిపోతోంది.

అప్పుడు వెలిగింది నా దిక్కుమాలిన బుర్ర. మా ఇంటి బట్టలుతికే అవ్వ గుర్తులు పెట్టడానికి నల్ల జీడిగింజ వాడేది. సూదితో గుచ్చి రసం అద్దితే ఎన్ని ఉతుకులకూ ఆ మరక పోదు. పోయిన ఎండాకాలం సరదాకి ముంజేతి మీద ఓ చుక్క పెట్టుకుంటే చిన్న పొక్కు లేచింది. పొక్కే కదా నాకు కావలసింది! అవ్వ మూటలోంచి ఒక గింజ కాజేసి జబ్బ మీద నాలుగు చుక్కలు పెట్టుకున్నాను. (డాక్టరు చదువుతున్న మా మనవరాలు ఇప్పుడు చెబుతోంది: ఒంట్లో ఉండే సిపాయిలు మొదటిసారి చూసిన జీడిని గుర్తు పెట్టుకుంటారట, రెండోసారి కనబడితే ఇల్లు తగలబెట్టి మరీ తరుముతారట. టీకా పనిచేసేదీ ఆ గుర్తుతోనేనట. ఈ ముక్క ఆ రోజు ఎవరైనా చెబితే కదా!)

రెండోరోజు తెల్లారేసరికి చెయ్యి సొరకాయంత అయింది. మొహం ఉబ్బి కళ్లు మూతపడ్డాయి. ఒకటే దురద, ఒకటే మంట. నాయనమ్మ తాను కడిగేసిన సంగతే మరిచిపోయి వీధిలో పడింది. "నేను చెప్పలే? టీకా ఇషం పోరికెక్కింది! మీ పిల్లలను దాచుకోన్రి!" ధన్‌మని తలుపులు మూసుకున్నాయి. పక్కూరు శేరిగూడ వాళ్లు ఆ సాబ్ తమ దిక్కు రావద్దని కబురే పంపారు. పాపం, సంగతి తెలియని సాబ్ నేరుగా మా ఇంటికే వచ్చాడు. వెనకాలే కర్రలు పట్టుకుని పదిమంది.

"నీ మాట నమ్మి ఊరందరితోని చేతులు చాపిచ్చిన. ఇగ ఏం జెప్తవ్ సాబ్?" అన్నాడు బాపు.

"అల్లా కసమ్ పటేలా, గట్ల ఎన్నడు గాలే. నా నౌకరీ పోతే పోనీ, పిల్లలకు టీకా ఆపకున్రి" అంటున్నాడాయన. నన్ను శభాష్ అన్న గొంతే అది. నాకు బడి ఎటూ పోయిందనుకున్నాను, ఏడుపు తన్నుకొచ్చింది. గోడ పట్టుకుని బయటికి వచ్చాను.

"బాపూ, సాబ్ తప్పేం లేదు. నేనే జీడి పెట్టుకున్న."

"ఎందుకే?"

"బడికి పోవాలె. టీకా పొంగలే."

"ఎందుకు పొంగలే?"

నేను నోరు విప్పలేదు. (ఒట్టు ఒట్టే కదా!) వెనకనుంచి నాయనమ్మే అంది, "నేనే కడిగిన కొడుకా."

కర్రలు పట్టుకున్నవాళ్లు నేల చూపులు చూశారు. నాయనమ్మ ముందుకొచ్చి ముడతల చెయ్యి చాచింది. "ముందుగాల నాకెయ్యి సాబ్."

సాబ్ ఆమె ముఖం చూసి నవ్వాడు. "నీకెందుకమ్మా? అమ్మవారు వచ్చి పోయింది గద, నీ ఒంట్ల ఎప్పుడో పహరా కూసుంది. నీకు పొంగది."

"పొంగకుంటె మానె. ఊరు జూడాలె, ఎయ్యి."

ఊరు చూసింది. ఒక్కో తలుపూ తెరుచుకుంది. నా కుడి జబ్బ మీద సాబ్ మళ్లీ గీరాడు. ఈసారి కడగకుండా నాయనమ్మే పక్కన కాపలా కూర్చుని, ఎడమ చేతికి వెన్నలో నూరిన నువ్వులు పట్టించింది. సాబ్ ఉర్దూలో చిట్టీ రాశాడు: వారంలో పొంగుతుంది, పూచీ నాది. మర్నాడు మామ బండిలో, ఒంటి కన్ను తెరిచి, హైదరాబాదు పోయాను. చిట్టీ చదివిన హాస్టలు అమ్మ నన్ను ఎగాదిగా చూసి, మూల గదిలో పడుకోమంది.

వారానికి మామ పల్లిపట్టీల మూటా, నాయనమ్మ కబురూ తెచ్చాడు. "పొద్దుగాల లేస్తె చెయ్యే జూసుకుంటుందే. 'నాదైతే పొంగలే, పోరిది పొంగిందా?' అని అడిగి రమ్మంది." నేను కుడి జబ్బ చూపించాను. నిండుగా, నిజంగా పొంగి ఉంది. పొంగిందని చెప్పు మామా అంటూనే బావురుమన్నాను, ఇంటికి పోవాలనిపించి.

ఇప్పుడు నాకు నాయనమ్మ వయసు. కుడి జబ్బ మీది అసలు మచ్చ ముడతల్లో ఎక్కడో కలిసిపోయింది. ఎడమ జబ్బ మీద నాలుగు దొంగ చుక్కలు మాత్రం నల్లగా అలాగే ఉన్నాయి. స్నానం చేసినప్పుడల్లా వాటి మీద నీళ్లు పోసుకుంటూ, రుద్దకుండా వదిలేస్తాను.