సిప్పీఘాట్ దగ్గర ఆగిన సైకిలు

అది 2006 జనవరి ముప్ఫయ్యో తేదీ, సోమవారం. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఈశాన్యపు గాలి సైకిలు తొక్కేవాడి వీపు తట్టి సాగనంపేంత మర్యాదగా ఉంది. ముందునాడు అమావాస్య. ఈ చివరి సంగతిని పోర్ట్‌బ్లెయిర్ పక్కనున్న గరాచర్మలో వేళకు ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకోవలసింది.

ఆ పట్నంలోని అబర్డీన్ బజారులో ఇనుప సామాన్ల కొట్టు నడిపే మోహన్‌కృష్ణ కొందరు కుర్రాళ్ళను కూడగట్టి దీవుల ఉత్తర కొసనున్న డిగ్లీపూర్ దాకా సైకిలు యాత్ర తలపెట్టాడు. దారిలో పంక్చర్లు వేయడానికి జీవరాజు కావలసివచ్చాడు. జీవరాజు ఒకప్పుడు హాడో రేవులో ఓడల తాళ్ళు కట్టేవాడు. సునామీనాడు వెనక తరుముకొస్తున్న నీటిని చూస్తూ గట్టెక్కి పరుగెత్తినవాడు, మళ్ళీ రేవు ముఖం చూడలేదు. గరాచర్మ మెరకమీద సైకిలు షాపు పెట్టుకున్నాడు. ఈ దీవుల్లో సముద్రాన్ని తప్పించుకుని బతకడం అన్నంలో మెతుకు తగలకుండా తినడంలాంటిది. అయినా అతడు ఏడాదిగా నెట్టుకొస్తున్నాడు. మరి బారాటాంగ్ దగ్గర జలసంధి? అడవి గేటునుంచి వాహనాలన్నీ బారుగా, కాన్వాయ్‌గా వెళ్ళాలి గనుక సైకిళ్ళతో లారీ ఎక్కి, అది బల్లకట్టుమీద దాటుతుంటే కళ్ళు మూసుకుని కూర్చోవాలని పథకం.

సునామీనాడు పోర్ట్‌బ్లెయిర్ వైపు నేల కుంగింది, డిగ్లీపూర్ వైపు లేచింది. నాటినుంచి అమావాస్యకూ పున్నమికీ వచ్చే పెద్ద పోటు వేళల్లో, దారిలోని సిప్పీఘాట్ రోడ్డుమీదికి సముద్రం వచ్చిపోతోంది. ‘పోటు’ అనే మాటను పోట్లాటతో ముడిపెట్టేవారున్నారు. వ్యాకరణం ఒప్పుకోకపోయినా సిప్పీఘాట్ ఒప్పుకుంటుంది. అందుకే పోటుకు ముందే, తెల్లవారేసరికి అక్కడ దాటాలనుకున్నారు. అయితే ప్రయాణానికి ముందు సంఘంచేత ప్రార్థన చేయించుకోకుండా జీవరాజు కదలడు. సంఘ పెద్ద శామ్సన్‌గారు ప్రతి మనిషికోసమూ ప్రార్థించారు. పిమ్మట ప్రతి చక్రంకోసమూ ప్రార్థించారు. గాలికొట్టే పంపును సైతం మరువలేదు. ‘ఆమేన్’ అనేసరికి ఎండ నెత్తికెక్కుతోంది.

సిప్పీఘాట్ చేరేసరికి రోడ్డు మోకాలిలోతు నీళ్ళలో ఉంది. కుర్రాళ్ళు కేరింతలు కొడుతూ సైకిళ్ళు నడిపించుకుని దాటేశారు. జీవరాజు ఒక్కడే ఒడ్డున నిలిచిపోయాడు.

“భయ్యా, చలో నా! గేటు దగ్గర కాన్వాయ్ ఆగదు!” అని మోహన్‌కృష్ణ అవతలినుంచి అరిచాడు.

“నాను రాను. నీళ్ళలో కాలెట్టనని మా ఎలీసబెతుకి మాటిచ్చేసినాను!”

“అరే, భాభీ అంటే అంత డరా నీకు?”

పెళ్ళానికి భయపడేవాడన్న పేరు అతడికి చల్లగానే ఉంది. అసలు భయం కంటే అది నయం. కానీ ఎలీసబెతు అటువంటి మాట ఏనాడూ అడగలేదు. పైగా ఊరంతా చూస్తుండగా దీవెనలందుకున్నవాడు మధ్యాహ్నానికల్లా ఇంటికి ఎలా తిరిగివెళ్ళడం? ఈసారి వెనుదిరిగితే ఇక జన్మంతా ఆ మెరకమీదేనని అతడికి తెలుసు.

అంతలో వెనక బస్సు వచ్చి నీటి అంచున ఆగింది. అతడు మరచిపోయిన పులిహోర క్యారేజీతో ఎలీసబెతు దిగింది.

“భాభీ! నువ్వు వద్దన్నావంట గదా, నీళ్ళలో దిగొద్దని?” మోహన్‌కృష్ణ కేక వేశాడు.

జీవరాజు తల వంచుకున్నాడు. ఆమె భర్త ముఖంకేసి చూసింది. నీటి అంచుకు బారెడు వెనగ్గా అతడు నిలిపిన సైకిలుకేసి చూసింది.

“అవును, అన్నాను. నానన్నది సముద్రం గురించి. ఇది రోడ్డు.” అతడివైపు తిరిగి, “ఏటలా నిలబడిపోనావు? సముద్రం రోడ్డుమీదికొచ్చినాది గానీ, మన రోడ్డేటి దానింటికెళ్ళలేదు గదా!” అంది.

చీర కుచ్చెళ్ళు ఎగదోపి, క్యారేజీ నెత్తిన పెట్టుకుని ఆమె ముందుగా నీళ్ళలో దిగింది. ఆమె పెదవులు ఏదో కీర్తన గొణుగుతున్నాయి. జీవరాజు సైకిలు భుజాన వేసుకుని, ఆమె వీపుమీదినుంచి చూపు తిప్పకుండా, వెనకే నడిచాడు. అవతలి ఒడ్డున ఆమె క్యారేజీ అందించి, వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయింది. కాన్వాయ్ అందింది. బారాటాంగ్ దగ్గర అతడు ఒక కన్ను తెరిచే ఉంచాడట.

చాలా ఏళ్ళకు, విశాఖపట్నంలో స్థిరపడిన మోహన్‌కృష్ణకు ఒక ఉత్తరం అందింది.

“మోహన్‌కృష్ణ భయ్యాకు జీవరాజు వ్రాయునది. మేమిద్దరం క్షేమం. ఎలీసబెతు చెల్లెలి కూతురి పెళ్ళికని మీ ఊరే వస్తున్నాము. సిప్పీఘాట్ రోడ్డు ఎత్తు చేసేశారు, ఇప్పుడక్కడ కాలు తడవదు. ఈ ఉత్తరం ఓడలో కూర్చుని రాస్తున్నాను. రేవులో దిగాక డబ్బాలో వేస్తాను. నిన్నటినుంచి ఎటు చూసినా నీళ్ళే. ఎలీసబెతు కడుపులో తిప్పి పడుకునుంది. భయమా అని అడిగితే, ఇది కూడా రోడ్డేనట, కాస్త వెడల్పెక్కువట.”