మూ ఊరి దవాఖానాలో నురగ బిళ్ళ

పసిఫిక్ సముద్రంలోని లిఫూ దీవిలో, మూ అనే ఊరి దవాఖానాలో యూజెని ఇరవై రెండేళ్ళుగా ఆయా. పెద్దగా చదువుకోకపోయినా, నీళ్ళలో వేస్తే బుసబుసా పొంగే జ్వరం బిళ్ళ గురించి మాత్రం ఎవరడిగినా విడమరిచి చెప్పేది. ఆమెకది నేర్పినవాడు వాహియో. మందులిచ్చే పనిమీద నూమెయా పట్నం నుంచి ఆరు నెలలకని వచ్చాడు.

"ఇందులో పులుపు పొడీ సోడా పొడీ కలిసున్నాయి. తడి తగలనంతసేపూ కిక్కురుమనవు. నీళ్ళు పడ్డాయా, గాలి బుడగలై లేస్తాయి" అంటూ గ్లాసు ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"ఆ గాలేనా జ్వరం తగ్గించేది?"

"కాదే పిచ్చీ! అది బిళ్ళని చెదరగొడుతుందంతే. మందు ముందే నీళ్ళలో కరిగిపోయింది కనక తొందరగా ఒంటికి పడుతుంది. మెదడుదాకా పోయి నొప్పినీ వేడినీ దించుతుంది. అసలు రోగం జోలికి పోదు. సోడాతో ఉప్పు చేరుతుంది, బీపీ వాళ్ళకి ఇవ్వకు."

తెలిసినా మళ్ళీ మళ్ళీ అడిగేది యూజెని. వెళ్ళేరోజు "ఉత్తరం రాస్తా" అన్నాడు. రాయలేదు. సంబంధాలొస్తే ఆమె "ఇప్పుడే వద్దు" అంది. కొన్నాళ్ళకి అడిగేవాళ్ళూ మానేశారు. విమానం దిగే ప్రతి మంగళవారం ఆమె కళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉండేవి.

ఆ ఊళ్ళో తన మేనకోడలి పెళ్ళికని పంతొమ్మిదేళ్ళ తర్వాత వచ్చాడు వాహియో. జుట్టు నెరిసింది, ఒళ్ళు కాలిపోతోంది. బల్లమీద పడుకోబెట్టి, బీపీ లేదని కనుక్కుని, యూజెని గ్లాసులో బిళ్ళ వేసింది.

"ఇదెలా పనిచేస్తుందో తెలుసా నీకు?" అన్నాడు నీరసంగా.

పులుపు పొడి దగ్గర్నుంచి ఉప్పుదాకా, ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది.

"అబ్బో! మంచి మాస్టారే దొరికాడు. ఎవరాయన?"

యూజెని గ్లాసు అతని చేతికందించింది. "నూమెయా ఆయనే. కొన్నాళ్ళున్నాడు."

"నేనెళ్ళాక వచ్చాడా?"

"ఆ... మీరెళ్ళాకే. తాగండి, నురగ పోయింది."

మూడోనాటికి జ్వరం దిగింది. పెళ్ళిరోజు యూజెని ఆడవాళ్ళ మధ్య కూర్చుని, చేపా పెండలం ముక్కలూ అరిటాకుల్లో చుడుతోంది. పందిట్లోంచి వాహియో నవ్వు వినిపించింది. ఆమె అటే చూస్తూ ఆకుని బిగించి లాగింది.

"యూజెనీ, ఆకు చిరుగుతోందే!" అంది పక్కనున్నామె.

ఆమె ఇంకో ఆకు తీసుకుంది.