దిగడం రాని అభ్యర్థి

మా సంస్థలో అటెండరు ఉద్యోగానికి రెండే అర్హతలు: ఏడో తరగతి పాసై ఉండాలి, సైకిల్ తొక్కడం వచ్చి ఉండాలి. ఏడో తరగతికి సర్టిఫికెట్ ఉంటుంది. సైకిల్‌కు ఎవరిస్తారు? అందుకని ఎనభైల చివర్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆఫీసులకు మనుషులను ఎంపిక చేసి సర్దే పని నా నెత్తిన పడ్డప్పుడు, సైకిల్ పరీక్ష కూడా నేనే పెట్టాల్సి వచ్చింది. నా టీము అంటే పెద్ద దండు అనుకునేరు. నేనూ, నవ్వకుండా నవ్వించే ఒక సూపరింటెండెంటూ. పైన హైదరాబాదు నుంచి పరిశీలకుడిగా వచ్చిన ఒక పెద్ద ఆఫీసరు. ఆయనకు టోపీ ఉండేది, రూల్సు ఉండేవి, సూర్యాపేట ఎండ మీద మాత్రం ఎలాంటి అదుపూ ఉండేది కాదు.

ఒక బడి మైదానంలో సున్నంతో గీతలు గీయించి, కిరాయి దుకాణం నుంచి ఒక సైకిల్ తెప్పించాం. మైదానం చుట్టూ ఒక రౌండు కొట్టి, ఆఫీసరు ఎదుటికి వచ్చి దిగి నిలబడాలి. అంతే పరీక్ష.

అంతే అనుకున్నాం గానీ, పొద్దున మొదట వచ్చినవాడే మమ్మల్ని తికమక పెట్టాడు. గరిడేపల్లి మనిషి. పుట్టిన్నుంచీ వడ్ల బస్తా లేకుండా సైకిల్ ఎక్కి ఎరగడట. ఖాళీ బండి ఎక్కితే గాలికి కొట్టుకుపోయినట్టుంటది అన్నాడు. చివరికి సూపరింటెండెంటు క్యారియర్ మీద కూర్చుంటే గానీ బండి తిన్నగా పోలేదు. ఆయన బస్తాకు ఏమాత్రం తీసిపోడు. ఆ తరువాతవాడు మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసినవాడు. రెండు చేతులూ వదిలేసి, జేబులోంచి దువ్వెన తీసి, పాపిడి తీసుకుంటూ రౌండు పూర్తి చేశాడు. ఆఫీసరుకు ఆ పాపిడి నచ్చలేదు గానీ, పాపిడి మీద రూలేమీ లేదు.

ఇక అసలు మనిషి సంగతి. చివ్వెంల దగ్గరి తండావాడు. మా సూర్యాపేట ఆఫీసులోనే ఏళ్ళ తరబడి రోజుకూలీ మీద తపాలా మోస్తున్నాడు, అదీ కాలినడకన. ఏ ఆఫీసుకు ఏ సందులోంచి పోవాలో, ఏ గుమాస్తా ఎప్పుడు టీకి లేస్తాడో అన్నీ తెలుసు. సైకిల్ ఒక్కటే తెలియదు. పర్మినెంటు కావాలంటే ఈ పరీక్ష దాటాలి, ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. ఇంకో నోటిఫికేషన్ వచ్చేసరికి ఆయన సైకిల్ కాదు, గడప కూడా ఎక్కలేడు. ఆ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు కాబట్టి, ఆయన పేరు పిలవగానే సూపరింటెండెంటు గొంతు కాస్త తగ్గింది.

ఆయన వెంట భార్య కూడా వచ్చింది. సైకిల్ దగ్గరికి ఇద్దరూ కలిసి నడుస్తుంటే ఆఫీసరు ఆపాడు. అభ్యర్థులు కానివారు గేటు బయట ఉండాలన్నాడు. ఆమె ఏదో చెప్పబోయింది. ఆయన వినలేదు. ఆమె గేటు దాకా పోయి, ఊచలు పట్టుకుని నిలబడింది.

ఇటు మనవాడు సైకిల్ పక్కన నిలబడి దిక్కులు చూస్తున్నాడు. సూపరింటెండెంటే వెళ్ళి, సీటు ఎత్తు చూస్తున్నట్టు నటిస్తూ క్యారియర్ పట్టుకుని ఒక తోపు తోశాడు. బండి కదిలింది. ఏం తొక్కాడండీ. నడుం నిటారు, చూపు ముందుకు, పూజారి హారతి పళ్ళెం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు హ్యాండిల్. రౌండు పూర్తయింది. మనవాడు ఆఫీసరు ఎదుటికి వచ్చాడు. దండం పెట్టినట్టు తల వంచాడు. ముందుకు వెళ్ళిపోయాడు.

రెండో రౌండుకూ అంతే. మూడో రౌండుకు మిగతా అభ్యర్థులు చప్పట్లు కొట్టారు. తరువాత టీ తాగారు. తరువాత ఆయన సంగతే మరిచిపోయి పేకాట గురించి మాట్లాడుకున్నారు. ఆయన మాత్రం తిరుగుతూనే ఉన్నాడు. ఆయన తిరిగిన దారిలో గడ్డి ఎంతగా నలిగిందంటే, ఆ ఏడాది ఆ మైదానంలో క్రికెట్ ఆడిన పిల్లలు దాన్నే బౌండరీ గీతగా వాడుకున్నారు. నమ్మకపోతే మీ ఇష్టం.

ఇక దిగమని కేక వేశాను. నా ముందు నుంచి పోతూ, మర్యాదగా, గాలిలో జవాబిచ్చాడు. "దిగుడు రాదు సారూ."

గేటు దగ్గరికి పరుగెత్తి భార్యను అడిగాను. ఎండాకాలమంతా తండా బాటలో తనే వెనక ఉరికి నేర్పిందట. చెప్పడంలో ఆమెకు ఏ బెదురూ లేదు. "ఎక్కిచ్చుడు నేనే, దించుడు నేనే. నడ్మ తొక్కుడు మా ఇంటాయన పని. గీ మాట సెప్పనీకెనే వస్తుంటే ఆ టోపీ సారు ఎల్లగొట్టిండు."

ఆ మాట మోసుకెళ్ళి ఆఫీసరుకు అప్పజెప్పాను. ఆయన గంభీరంగా విన్నాడు. నడుమ పని మాత్రమే చేసేవాణ్ణి ఉద్యోగంలోకి ఎలా తీసుకుంటామన్నాడు. మన ఆఫీసుల్లో చాలామంది ఆ నడుమ పని కూడా చేయరు కదా సార్ అని సూపరింటెండెంటు గొణిగాడు. అదృష్టం బాగుండి అది ఆఫీసరు చెవిన పడలేదు. భార్యను లోపలికి పిలిచి పట్టిద్దామని నేనంటే, ఆయన వేలెత్తాడు.

"ఆవిడ చెయ్యి తగిలిందంటే ఫెయిల్. నా ముందు దిగాలి. లేదంటే ఫెయిల్. ఇక మీ ఇష్టం."

ఆ మాట గేటు దాకా వినిపించింది. ఆమె మొహంలో రంగు మారింది. అటు సైకిల్ మీద మనవాడి కాళ్ళలో పట్టు సడలుతోంది. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. మలుపుల దగ్గర బండి వణుకుతోంది. పడిపోతే ఇన్నేళ్ళ నడకా అక్కడితో ఖతం. పేకాట కబుర్లు కూడా ఆగిపోయాయి.

అప్పుడామె ఊచల సందులోంచి లంబాడీ భాషలో ఒక కేక వేసింది. పొడుగాటి కేక. మాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆయనకు అయింది. అవతలి మలుపు తిరిగి, సున్నం గీత వదిలేసి, మైదానం మధ్యలోంచి బాణంలా తిన్నగా ఆఫీసరు మీదికి బయలుదేరాడు.

ఆఫీసరు ఎడమకు జరిగాడు. సైకిల్ కూడా ఎడమకు జరిగింది. కుడికి జరిగాడు. అదీ జరిగింది. టోపీ ఎగిరిపోయింది. ఇక జరగడానికి చోటు లేక, ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని రెండు చేతులూ ముందుకు చాచాడు. తెరిచేసరికి హ్యాండిల్ ఆయన చేతుల్లో ఉంది, ముందు చక్రం ఆయన కాళ్ళ మధ్య ఉంది, మా అభ్యర్థి ఒక కాలు నేల మీద పెట్టి వినయంగా నిలబడి ఉన్నాడు.

"దిగిన సార్."

ఇది దిగడం కాదని ఆఫీసరు అనబోయాడు. ఊపిరి అందలేదు. ఆ సందులో సూపరింటెండెంటు కాగితం, కలం పట్టుకుని చాలా అమాయకంగా ముందుకొచ్చాడు.

"రిమార్కుల్ల ఏం రాయమంటరు సార్? మీరు పట్టుకొని దించిండ్రని రాస్తే, పరీక్ష పెట్టేటాయననే సాయం జేసినట్టయితది. మొత్తం పరీక్ష రద్దు జెయ్యాలె. మల్ల మీరే రావాలె, ఇదే ఎండల."

ఆఫీసరు హ్యాండిల్ వైపు చూశాడు. ఎండ వైపు చూశాడు. ఇంకా తన చేతులు హ్యాండిల్ మీదే ఉన్నాయని గమనించి వదిలేశాడు.

"దిగాడని రాయండి."

ఆ కేకలో ఏమందని తరువాత ఆమెను అడిగాను. "టోపీ సారు మీదికే తోలు, పానం మీద తీపితోనన్న పట్టుకుంటడన్న సారూ," అంది, టోపీకి అంటిన మట్టి కొంగుతో దులుపుతూ.

ఖాళీలు చూస్తే ఆయనకు కోదాడ వచ్చింది. ఆర్డరు పట్టుకుని ఇద్దరూ సామానుతో సహా కోదాడ పోయి, ఊరి చివర ఒక గది కిరాయికి తీసుకున్నారు. గది వెతకడంలోనే రోజులు గడిచిపోయాయి. ఉద్యోగంలో చేరే గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం దాటాక కోదాడ ఆఫీసు హెడ్‌క్లర్కు నాకు ఫోన్ చేశాడు. సాయంత్రం ఆఫీసు మూసేలోగా చేరకపోతే ఆర్డరు రద్దవుతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"మీరు పంపించిన మనిషి ఇంకా చేరలేదండి," అన్నాడు. "కానీ పొద్దుటి నుంచి మా ఆఫీసు ముందు నుంచి వెళ్తూనే ఉన్నాడు. గేటు దగ్గరికొచ్చి పేరు చెప్పి నమస్కారం పెడతాడు, బస్టాండు వైపు వెళ్ళిపోతాడు. కాసేపటికి మళ్ళీ వస్తాడు. ఏమిటండీ ఇది, మొక్కుబడా?"

నాకు విషయం అర్థమైంది. సైకిల్ మీద వచ్చిన ఉద్యోగంలో సైకిల్ మీదే పోయి చేరాలని మనవాడు పట్టుబట్టి ఉంటాడు. గది దగ్గర ఆమె ఎక్కించి ఉంటుంది. ఇక్కడ దించేదెవరు? ఎవరో ఒకరు బయటికెళ్ళి క్యారియర్ పట్టుకోండి, చేరతాడు అన్నాను. హెడ్‌క్లర్కు నేను పరాచికాలాడుతున్నానని అనుకున్నాడు. ఇంతలో ఫోన్లోనే, దూరంగా, సైకిల్ బెల్లు వినిపించింది.

"అదిగోనండీ, మళ్ళీ వస్తున్నాడు."

"పట్టుకోండయ్యా," అన్నాను.

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. కుర్చీ పడిన చప్పుడు. ఆఫీసంతా బయటికి పరుగెత్తినట్టు చెప్పుల చప్పుడు. ఎవరో అటు అటు అన్నారు, ఎవరో నా కాలు అన్నారు. ఆ తరువాత ఏమీ లేదు. మా సూపరింటెండెంటు కూడా వచ్చి రిసీవరుకు చెవి ఆనించాడు. ఇద్దరం అలా చెంపకు చెంప ఆనించి నిలబడ్డాం.

చివరికి ఎవరో రిసీవరు ఎత్తారు. ముందు వగర్పు వినిపించింది.

"సారూ, నేనే," అన్నాడు మా మనిషి. "చేరిన."