బ్యారేజీ దగ్గర ఒరిగిన నీటిగీత

2018 సెప్టెంబరులో మా వార్తా చానల్ విజయవాడ స్టూడియోకు కొత్త ట్రైపాడ్లు ఎంపిక చేసే పని నాకు అప్పగించారు. అప్పుడు నేను సాంకేతిక విభాగం అధిపతిని. మరుసటి మార్చిలో నా పదవీ విరమణ. నా సంతకంతో జరగబోయే చివరి కొనుగోలు అదే.

ట్రైపాడ్‌ను మా కెమెరామెన్లు స్టాండు అంటారు. పెళ్లి వీడియోలకు వాడే తేలిక స్టాండ్లు ఒక రకం, సినిమా షూటింగులకు వాడే బరువైనవి ఇంకో రకం. బయట తిరిగే వార్తా బృందానికి ఆ రెంటికీ మధ్యరకం కావాలి. ఒక్క మనిషి భుజాన వేసుకుని చేనుగట్టు మీద నడవగలగాలి, నిలబెట్టాక ఏటిగాలికి కదలకూడదు. మాకు పరీక్షకు పంపిన స్టాండు ఎనిమిది కిలోలు మోస్తుందని కంపెనీ కాగితంలో ఉంది. కాగితాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. కెమెరా, లెన్సు, బ్యాటరీ, మైకు అన్నీ కలిపి స్టోరులో కాటా మీద తూయించాను. ఐదు కిలోల ఎనిమిది వందల గ్రాములు. బరువు విషయంలో ఇబ్బంది లేదు.

స్టాండుకు రెండు భాగాలుంటాయి. కింద మూడు కాళ్లు, అవి కలిసేచోట పైకి నోరు తెరుచుకున్న గిన్నె. దాని మీద కెమెరాను పట్టుకునే హెడ్. హెడ్ అడుగుభాగం సగం బంతిలా ఉండి ఆ గిన్నెలో కూర్చుంటుంది. నేల ఎగుడుదిగుడుగా ఉంటే కాళ్లు కదపనక్కర్లేదు. బంతిని గిన్నెలో అటూ ఇటూ తిప్పి, రసమట్టంలో బుడగ మధ్యకు వచ్చాక కింది మర బిగిస్తే చాలు. హెడ్ లోపల చిక్కటి ద్రవం ఉంటుంది. కెమెరాను తిప్పేటప్పుడు కుదుపు రానివ్వనిది అదే.

సెప్టెంబరు చివరలో స్టూడియోలో నేనే పరీక్షించాను. కెమెరాను ముందుకు వంచి చెయ్యి వదిలితే వంచినచోటే నిలిచింది. నెమ్మదిగా పక్కకు తిప్పి వదిలితే వెనక్కి గుంజలేదు. ఇక మిగిలింది బయటి పరీక్ష. దసరా వెళ్లాక అది మస్తాన్ చేయాలని నిర్ణయించాను.

మస్తాన్ మా దగ్గర పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న కెమెరామన్. అతని కాంట్రాక్టు డిసెంబరుతో ముగుస్తుంది. పొడిగించాలంటే సాంకేతిక విభాగం అభిప్రాయం, అంటే నా అభిప్రాయం, ఫైలులో ఉండాలి. న్యూస్ ఎడిటర్ ప్రసాద్ గారికి మస్తాన్ పని నచ్చదు. నిదానస్తుడని ఆయన ఫిర్యాదు.

దసరా తరువాత మస్తాన్ బ్యారేజీ దగ్గర తీసిన దృశ్యాలను ముగ్గురం కలిసి చూశాం. మొదట్లో నీటిగీత తిన్నగానే ఉంది. పోనుపోను ఎడమకు వాలింది. కృష్ణా డెల్టాలో కెమెరా ఎటు తిప్పినా వెనక నదో, కాలువో, నీళ్లు పెట్టిన మడో ఉంటుంది. మట్టం తప్పితే చూసేవారందరికీ తెలిసిపోతుంది.

"ఇంకాసేపు తీసుంటే కృష్ణంతా గుంటూరు వైపు ఒలికిపోయేదండీ," అన్నారు ప్రసాద్ గారు. "మస్తాన్‌కి బుడగ ఆనడం లేదు మేడమ్. కళ్లజోడన్నా కొనిపెట్టండి, డిసెంబరుతో పంపించన్నా పంపించండి."

మస్తాన్ నావైపే చూసి చెప్పాడు. "బుడగ మధ్యలోకొచ్చాకే బిగించానండీ. మర కూడా గట్టిగానే తిప్పాను. ఇంతకంటే ఏం చెప్పనండీ."

నేను ఎవరి మాటా తీసుకోలేదు. మర్నాడు మస్తాన్‌ను వెంటబెట్టుకుని ఉయ్యూరు దగ్గర కాలువగట్టుకు వెళ్లాను. కాళ్లు నేనే పరిచాను, బుడగ నేనే చూశాను, మర నేనే బిగించాను. అతన్ని దగ్గరకు రావద్దన్నాను. కెమెరాను కాలువ వెంట అటూ ఇటూ తిప్పుతూ పోయాను. కాసేపటికి కాలువ ఎడమకు వాలింది.

"మీక్కూడా ఒరిగిందా మేడమ్," అన్నాడు మస్తాన్ దూరం నుంచే. "ఇవాళ కాస్త అన్నం సహిస్తుందండీ నాకు."

తప్పు అతని చేతిది కాదని తేలింది. స్టాండుదే అనుకోవడం తేలిక. కాని ఇదే స్టాండు సెప్టెంబరులో నిలబడింది. ఈ మధ్యలో దానికి ఏం జరిగింది? అక్కడే గట్టు మీద మర విప్పి హెడ్‌ను పైకి తీయించాను. గిన్నె గోడకు పసుపురంగు పిండి అంటుకుని ఉంది. అందులో సగం నలిగిన బియ్యపు గింజలు కూడా ఉన్నాయి.

మధ్యలో జరిగింది ఆయుధపూజ. ఏటా స్టోర్‌కీపర్ సుబ్బారావు గారే కెమెరాలను, లైట్లను వరసగా పేర్చి పసుపు కుంకుమలు పెడతారు. ఆ రోజు కొత్త స్టాండు హెడ్ ఒకచోట, కాళ్లు ఒకచోట విడివిడిగా ఉన్నాయి. తిరిగి రాగానే ఆయన్ని అడిగాను.

"కొత్త వస్తువు కదండీ," అన్నారాయన. "గిన్నె నోరు తెరుచుకుని చూస్తుంటే ఉత్తినే వదలబుద్ధి కాలేదు. నాలుగు అక్షింతలు వేశాను. హెడ్ బిగించేటప్పుడు దులిపాననే అనుకున్నానండీ."

"కొబ్బరికాయ కొట్టింది నేనేనండీ, నాకూ తట్టలేదు," అన్నాడు మస్తాన్. "సుబ్బారావు గారూ, మీ ఆశీర్వచనం కాస్త గట్టిగా తగిలిందండీ నాకు."

తడిపసుపుతో కలిపిన బియ్యం గిన్నెకు అంటుకుని ఆరిపోయింది. బంతి ఆ గింజల మీద కూర్చుంది. బిగించినప్పుడు మర గట్టిగానే ఉంటుంది, బుడగ మధ్యలోనే ఉంటుంది. కెమెరా తిప్పేకొద్దీ గింజలు నలుగుతాయి, మర వదులవుతుంది, హెడ్ ఒక పక్కకు దిగుతుంది.

ఇది నా ఊహ మాత్రమే అని ప్రసాద్ గారు అనవచ్చు. అందుకని ఆయన్ను స్టూడియోకు పిలిచి, గోడకు మట్టంగా దారం కట్టించాను. గిన్నె శుభ్రంగా తుడిచి కెమెరా ఎక్కించి మస్తాన్ చేత తిప్పించాను. మానిటర్ మీద దారం తిన్నగానే నిలిచింది. తరువాత సుబ్బారావు గారి చేతే గిన్నెలో అక్షింతలు వేయించి, ఆరనిచ్చి, మళ్లీ తిప్పించాను. ప్రసాద్ గారి కళ్లముందే దారం ఎడమకు వాలింది.

"సరేనండీ. అక్షింతలకి కాంట్రాక్టు రాయలేం కదా, మస్తాన్‌కే రాయండి," అన్నారాయన. ఆ సాయంత్రమే రాసి ఫైలు పంపాను. కాంట్రాక్టు పొడిగించారు.

నివేదికలో ఈ పరీక్షను కూడా చేర్చాను. ఆ పేజీ తీసేయమని కంపెనీ ప్రతినిధి ఫోన్ చేశాడు. తమ పరీక్షల్లో బియ్యం ఉండవన్నాడు. మా దసరాలో ఉంటాయన్నాను. స్టాండును ఆమోదిస్తూ రెండు షరతులు రాశాను: హెడ్ ఎక్కించే ముందు గిన్నె తుడవాలి, పూజకు పెట్టేటప్పుడు హెడ్ బిగించే పెట్టాలి. పూజే మాన్పిస్తానేమోనని సుబ్బారావు గారు భయపడ్డారు. నాకు ఆ ఆలోచన లేదు. ఏటా జరిగేదాన్ని వాడకంలో భాగంగానే లెక్కపెట్టాలి.

అప్పటిదాకా నా నివేదికల్లో వస్తువు, స్థలం, వాడిన మనిషి అని మూడు వివరాలే ఉండేవి. ఆ తరువాత నాలుగోది చేర్చాను: గత పరీక్ష నుంచి ఈ పరీక్షలోపు వస్తువును ఎవరు, ఎందుకు ముట్టుకున్నారు. ఒకే వస్తువు రెండుసార్లు రెండు రకాలుగా నడిస్తే ముందు అడగాల్సింది అదే. అది అడగకుండా నివేదిక రాసి ఉంటే మంచి స్టాండును తిప్పి పంపేదాన్ని, లేదా మంచి కెమెరామన్‌ను ఇంటికి పంపేదాన్ని.