నీళ్లు లేని లోకంలో ఓడలు

మా అక్క నవ్విన మధ్యాహ్నం ఒకటుంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుక ఎండిపోతుంది.

ఊళ్లో నాకు అబద్ధాలకోరని పేరు. కాదనను. విత్తనానికి శెనక్కాయలు ఒలిచే రోజుల్లో ఆ పేరుతోనే నాకు గిరాకీ. మిషన్లో వేస్తే పప్పు పగిలి మొలకెత్తదని మా వైపు విత్తనాన్ని చేత్తోనే ఒలుస్తారు. మా ఇంటి ముందు రేకుల పందిరి కింద పదిమంది ఆడవాళ్లు చేటలు ముందేసుకుని కూర్చుంటారు. వేళ్ల నొప్పి తెలియకుండా ఎవరో ఒకరు నోరు ఆడిస్తూ ఉండాలి. ఆ ఎవరో ఒకరు నేనే.

ఆ ఏడు నేను ఎత్తుకున్నది ఓడలు కట్టే లోకం కథ. అది చుక్కల మధ్య ఎక్కడో ఉంది. మా నేలలాగే ఎర్రమట్టి, గుండ్రాళ్లు. చుక్క నీరుండదు. అయినా అక్కడ పుట్టిన ప్రతివాడూ ఓడలే కడతాడు.

"నీళ్లు లేనిచోట ఓడలేందప్పా?" పక్కింటి పెద్దమ్మ అడ్డం తగిలింది.

"లేవనే కదా పెద్దమ్మా కట్టేది. నీళ్లుంటే ఆడనే ఉందురు."

ఆ ఓడలు చుక్కల మధ్య తిరుగుతాయి. వాటికోసం ఒకే తల్లి బిడ్డల్లాంటి రెండు పక్షాలు కొట్టుకుంటున్నాయి. ఓడల లోకం ఎవరి చేతిలో ఉంటే గెలుపు వాళ్లది. సోమవారం తెల్లజెండా వాళ్లు దిగి ఓడలన్నిటికీ సున్నం కొడతారు. గురువారం నల్లజెండా వాళ్లు దిగి తారు పూస్తారు. పూత మీద పూత పడి ఓడలు గేదెల్లా బలిసి లేవలేక కూర్చున్నాయి. గాలిమర రెక్కను మోసుకుని పొడుగు లారీ ఏదైనా రాప్తాడు రోడ్డున పోతే, "అదిగో, ఆడినుంచి రాలిపడిన ఓడ రెక్క" అనేవాణ్ణి. చేటల వెనక నవ్వులు పొర్లేవి.

అక్క నవ్వేది కాదు. మా బావ వెల్డరు. బోరు ఎండిపోయిన ఏడు, సముద్రం ఒడ్డున ఓడలు కట్టే చోటికి పనికి పోయాడు. అక్క మా ఇంటికి వచ్చి ఉంది. మొదట్లో ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. తర్వాత ఇంకో రేవుకు మారాడని తెలిసింది. ఆ తర్వాత ఏమీ తెలియలేదు. ఎనిమిది నెలలు. బంధువులు తలో మాట అనేవాళ్లు. అక్క తల వంచుకుని ఒలిచేది.

చూడలేక ఒకరోజు బావను కథలోకి దించాను. ఎడమచేతి వాటం మనిషి, కనుబొమ్మ మీద నిప్పురవ్వ కాల్చిన మచ్చ అన్నాను. అక్క వేళ్లు ఆగిపోయాయి.

"ఆయప్ప ఇంటికి ఎందుకు పోడు?"

"యాడ పోనిస్తారక్కా? ఏ జెండావోళ్లు దిగినా ఓడకు అతుకేసేది ఆయప్ప ఒక్కడే. రెండు పక్కలోళ్లూ పట్టుకోని కూచున్నారు."

"ఫోనన్నా చెయ్యొచ్చు కదా?"

"చుక్కల్లో సిగ్నల్ యాడిదక్కా?"

అబద్ధమని ఆమెకు తెలుసు. అయినా ఆ మర్నాటి నుంచి చేట ముందు కూర్చోగానే అడిగేది: "ఈ పొద్దు ఆయప్ప అన్నం తిన్నాడా?" సంగటి తిన్నాడనేవాణ్ణి. చట్నీలో ఉప్పు ఎక్కువైందనేవాణ్ణి. అప్పటినుంచే, ఊరి చుట్టూ గుట్టల మీది గాలిమరల హోరులో ఎవరో ఇనుము మీద కొడుతున్న చప్పుడు నాకు వినిపించడం మొదలైంది. కథ కల్పించినవాడికే ఆ చప్పుడు వినిపించడం ఏమి న్యాయమో!

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. కాకి తలమీద తన్నితే మా వైపు కీడంటారు. ఆ కీడు పోవాలంటే, తన్నించుకున్నవాడు చచ్చిపోయాడని దగ్గరివాళ్లకు దొంగకబురు పంపాలి. వాళ్లు నిజమని నమ్మి ఏడిస్తే గండం గడిచినట్టు. అప్పుడు కబురు తెచ్చినవాడే తన నోటితో "అబద్ధం" అనాలి. అనేదాకా ఏడ్చినవాళ్లు గుక్కెడు నీళ్లు ముట్టరు. చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో ఈ పనికి నన్నే పిలిచేవారు. కుందుర్పిలో ఒక మామ కోసం నేనెంత బాగా ఏడ్చానంటే, అది విని ఆ మామే తన నాడి పట్టి చూసుకున్నాడు.

ఒక పొద్దున కొత్త నంబరు నుంచి ఫోను. బావతో పనిచేసిన మనిషి, కోస్తా మాట.

"మీ బావగారండీ... పోయారండి. జ్వరమండి. నెలలైపోయిందండి. ఎవరికి చెప్పాలో తెలీలేదు. ఆయన రేకుపెట్టె ఇన్నాళ్లకి తెరిస్తే మూత లోపల మీ నంబరు రాసుందండి."

కనుబొమ్మ మీద మచ్చ ఉందా అని అడిగాను. ఉందన్నాడు.

మధ్యాహ్నం పందిరి కిందికి పోయాను. అక్క రోజూలాగే అడిగింది, ఆయప్ప తిన్నాడా అని.

"తినలేదక్కా. జ్వరం." కథలో నుంచి నడిపించి మెల్లగా నిజం దగ్గరికి తీసుకుపోదామనుకున్నాను. రెండు జెండాల వాళ్లూ ఆయప్ప మంచం చుట్టూ నిలబడినారన్నాను. అంతకుమించి కథ సాగలేదు. "అక్కా, ఇది కథ కాదు. బావ పోయినాడు. పొద్దున ఫోనొచ్చింది."

అక్క వేసిన కేకకు చేట బోర్లపడింది. పప్పు మట్టిలో దొర్లింది. ఆడవాళ్లు ఆమెను పొదివి పట్టుకున్నారు. పెద్దమ్మ మాత్రం నన్నే చూస్తూ ఉంది.

"ఏమప్పా, మీ బావను కాకి గాని తన్నిందా?"

ఎవరో కిసుక్కుమన్నారు. "అదే, అదే! ఈయప్ప నోట్లోనుంచి నిజం ఎప్పుడొచ్చింది!"

అక్క తలెత్తింది. అంత వెలుగు నేనెవరి ముఖంలోనూ చూడలేదు. కన్నీళ్లతోనే నవ్వింది.

"ఫోన్ నీకు చేసినాడా? బతికుండాడా? నా మీదేమన్నా కోపమా ఆయనకి? దొంగోడా, ఎంత ఏడిపిచ్చినావురా!"

తనే లేచిపోయి కుండలో నీళ్లు గ్లాసుతో ముంచుకొచ్చి నా ముందు నిలబడింది. "ఊఁ, అనురా. అబద్ధమని అను. గొంతు ఎండిపోతాండాది."

మూడక్షరాల మాట. ఎన్ని ఇళ్లలో అన్నానో లెక్కలేదు. నోరు తెరిచాను. దూరంగా గాలిమరలు తిరుగుతున్నాయి. గ్లాసు ఆమె పెదవుల దగ్గరే ఉంది. ఆమె కళ్లు నా ముఖమంతా వెతుకుతున్నాయి.

"అనురా." ఈసారి గొంతు చిన్నది.

మూడోసారి అడగలేదు. గ్లాసు కిందికి దించింది. చుక్క నీరు పారబోయని మనిషి, ఆ నీళ్లన్నీ ఎర్రమట్టిలో మెల్లగా వంచేసింది.

ఇప్పుడు దొంగకబురుకు నన్నెవరూ పిలవరు. ఈ ఏడు మళ్లీ విత్తనం ఒలుపులు వచ్చాయి. పందిరి కింద కథ ఎత్తుకోకుండా నేనూ ఒక చేట ముందేసుకున్నాను. అక్కే తలెత్తకుండా అడిగింది.

"ఆ ఓడల లోకంలో కొట్లాట ఆగిందా?"

"ఆగలేదక్కా."

"మరి అతుకులు ఎవరేస్తాండారు?"

గాలి లేచింది. దానివెంట ఇనుము మీద దెబ్బ, ఒకటి, ఆగి ఇంకొకటి. అక్క ఒలుస్తున్న చేయి ఆపి చెవి ఒగ్గింది.

"నీకూ వినబడతాండాదా?"

తలూపాను. అక్క ఇంకో కాయ అందుకుంది.