వసుంధరక్క శనివారం బడి

నిన్న ఆఫీసు మీటింగు మధ్యలో ఎవరో లేచి కిటికీని బార్లా తెరిచారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో జనవరి గాలికి మొహమాటం లేదు. నేరుగా వచ్చి చొక్కా కాలరులో దూరి వీపు మీద కూర్చుంటుంది. జర్మన్లకు ఇది ఆరోగ్యం. నాకు మాత్రం ఆ చలి తగలగానే శానిటైజర్ వాసన, నువ్వుల నూనె రాసిన కొరియా అన్నం చుట్టల వాసన, తడిసిన మాస్కు లోపల నా ఊపిరి వాసన అన్నీ కలిసి ముక్కుకు తగిలాయి. వాటి వెనకే వసుంధరక్క గొంతు వినిపించింది: "శ్రీనూ, ఆ కిటికీ మూసెయ్ నాన్నా. పిల్లలు గడ్డకట్టినా పర్లేదు, నేను గడ్డకడితే గ్రామర్ ఎవరు చెప్తారు?"

కరోనా రోజుల్లో నేను డార్మ్‌స్టాట్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. ప్లేట్లు కడిగే రెస్టారెంటు మూతపడ్డాక దొరికిన పని ఇది. ఫ్రాంక్‌ఫర్ట్ శివారులో కొన్ని కొరియా కుటుంబాలు కలిసి శనివారాలు ఒక బడి నడుపుకునేవి. ఒక జర్మన్ బడి గదులను అద్దెకు తీసుకుని, పొద్దున కొరియా భాష, మధ్యాహ్నం ఇంగ్లీషు చెప్పించేవారు. ఆ ఇంగ్లీషు టీచరు వసుంధరక్క, ఆమెకు సహాయకుణ్ణి నేను. తెలుగువాళ్ళం జర్మనీలో కొరియా పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నామని మా అమ్మకు ఫోనులో ఎన్నిసార్లు వివరించినా, చివరికి "నువ్వు చదువుతున్నవా, లేదా?" అనే అడిగేది. క్వారంటైన్‌లో ఉన్న పిల్లల కోసం లాప్‌టాప్ కలపడం, ఇరవై నిమిషాలకోసారి కిటికీలు తెరిచి మూయడం, అదే నా ఉద్యోగం. నా జర్మన్ అప్పటికింకా గూటెన్ మోర్గెన్, అంటే శుభోదయం, దగ్గరే తెల్లవారింది కనుక ఇంతకన్నా పెద్ద బాధ్యత ఎవరూ అప్పగించలేదు. పిల్లలు నాకు హెర్ ఫెన్‌స్టర్ అని పేరు పెట్టారు. కిటికీ సారు అన్నమాట.

వసుంధరక్కది తెనాలి. భర్త ఉద్యోగం వెంట కొరియాలోని బుసాన్ వెళ్ళి, అక్కడి ట్యూషన్ సెంటర్లలో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పి, మళ్ళీ ఆయన ఉద్యోగం వెంటే డార్మ్‌స్టాట్ వచ్చింది. గుంటూరులో చేసిన బీఎడ్ ఇక్కడ చెల్లదన్నారు. ఎన్ని టెర్మిన్‌లు, అంటే అపాయింట్‌మెంట్లు, తీసుకుని ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగినా అదే జవాబు. వారంలో ఆరు రోజులు ఆమె ఫలానా వారి భార్య, శనివారం మధ్యాహ్నం మాత్రమే టీచరు. ఆ ఒక్క తరగతి కోసం శుక్రవారమే చీర ఇస్త్రీ చేసుకునేది. చీర మీద రెండు స్వెటర్లు, వాటి మీద కోటు వేసుకుంటే ఇస్త్రీ ఎవరికి కనిపిస్తుందక్కా అంటే, "నాకు కనిపిస్తుంది" అనేది. ముఖమంతా మాస్కు కప్పేస్తే పైన బొట్టు ఒక్కటే మిగిలేది. కోపం వస్తే ఆ బొట్టు కాస్త పైకి జరిగేది. పిల్లలు ఆ బొట్టును బట్టే వాతావరణం చూసుకునేవారు.

వాతావరణం సాధారణంగా బాగుండేది కాదు. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు. తలుపు దగ్గర నడుం వంచి ఎంత చక్కగా నమస్కరించేవారంటే, అది చూస్తే మా వరంగల్ హెడ్మాస్టరు ఆనందంతో ఏడ్చేవాడు. ఆ నడుం మళ్ళీ నిటారుగా అయ్యాక మొదలయ్యేది అసలు కథ. ఒకడు కోటు నెత్తిన కప్పుకుని పడుకునేవాడు. ఇంకొకడు లాప్‌టాప్‌లో కనిపించే స్నేహితుడికి సైగలు చేసి నవ్వించేవాడు. దండం పెట్టే పిల్లలను దండించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. క్రమశిక్షణ అనే మాటలోంచి వాళ్ళు క్రమాన్ని తలుపు దగ్గరే వాడేసి, శిక్షను మాకు మిగిల్చేవారు. పైగా తల్లులు వచ్చి, మా వాణ్ణి గట్టిగా మందలించండి మేడమ్, మీరు మరీ మెత్తన అని రెండు చేతులూ జోడించి వేడుకునేవారు. వాళ్ళు అటు తిరగగానే ఆ పిల్లలే, మాతో అలా మాట్లాడకూడదు, ఇక్కడి చట్టం ఒప్పుకోదు అని జర్మన్‌లో మర్యాదగా గుర్తుచేసేవారు. తల్లులకు కొరియా టీచరు కావాలి, పిల్లలకు జర్మన్ టీచరు కావాలి. దొరికింది తెనాలి టీచరు.

ఆ శీతాకాలం మా గదులకే ఎసరు వచ్చింది. మొదట, ఒక శనివారం మేం వెళ్ళాక కిటికీ తెరిచే ఉండిపోయి, సోమవారానికి గదంతా వాన నీళ్ళయ్యాయి. మూసింది నేనే, నాకు బాగా గుర్తు, కాని కిటికీ సారు మాట ఎవరు నమ్ముతారు? తర్వాత బల్లల మీది పేర్ల కార్డులు తారుమారయ్యాయి. ఆ రోజుల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నది ఆరోగ్య శాఖకు చెప్పాల్సిన సంగతి. సోమవారం జర్మన్ పిల్లలు వేరే వాళ్ళ చోట్లలో కూర్చుని, తరగతిలో ఒకరికి పాజిటివ్ రాగానే ఎవరిని ఇంటికి పంపాలో తెలియక బడి బడంతా గందరగోళమైంది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే గదులు ఇవ్వం అని ఆ బడివాళ్ళు తేల్చి చెప్పారు. గదులు పోతే శనివారం బడి పోయినట్టే.

తర్వాతి వారం నేను కిటికీ దగ్గర నిలబడి ఉండగా, పిల్లలు నడవలో జర్మన్‌లో మాట్లాడుకోవడం విన్నాను. నాకు భాష రాదని వాళ్ళ ధైర్యం. కాని ఇన్ని శనివారాలు వాళ్ళ మధ్య నిలబడ్డాక ఆ కాస్త నాకు అర్థమైంది. ఇంకొక్కసారి ఏదైనా చేస్తే చాలు, ఇక శనివారాలు మనవే అంటోంది హనా. తరగతిలో అందరికన్నా బాగా చదివే పిల్ల, అందరికన్నా లోతుగా నమస్కరించే పిల్ల. అంటే ఇన్నాళ్ళూ మేం అల్లరి అనుకున్నది అల్లరి కాదు, పథకం. నాకు ఒళ్ళు మండింది. లోపల ఎక్కడో సంతోషం కూడా వేసింది, దొంగలు దొరికారని. తిరుగు రైల్లో అక్కకు చెప్పాను. తల్లులకు ఒక్క మాట చేరిస్తే పిల్లలు ఆ సాయంత్రానికే దారికొస్తారని నా లెక్క. ఆమె బొట్టు పైకి జరిగింది, చాలాసేపటికి గాని కిందికి దిగలేదు.

ఆ పై శనివారం ఆమె తలుపు మూసి, బోర్డుకు వీపు ఆనించి నిలబడింది. మీ సంగతి నాకు తెలుసు అంది. పిల్లలు బిగుసుకుపోయారు. మీకు శనివారం వద్దు, సరే, ఆ మాట ఇంతవరకు ఎవరితోనైనా అన్నారా అని అడిగింది. కిటికీలు తెరిచిపెట్టడం, కార్డులు మార్చడం, నిద్రపోవడం ఏ భాషలోనూ వాక్యాలు కావు, వాటికి నేను మార్కులు వెయ్యలేను అంది. బడి నడిపే మీ పెద్దల కమిటీ ముందు మీరే నిలబడి, మంచి ఇంగ్లీషులో అడగండి, ఎలా అడగాలో నేను నేర్పుతాను అంది. ఆ పిల్లలు నెగ్గితే ముందు పోయేది ఎవరి తరగతో వాళ్ళకు తట్టలేదు గాని, నాకు తట్టింది. ఆమెకూ తట్టింది.

తర్వాతి వారాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఉక్రోషం వస్తుంది. మేం బతిమాలినా, బెదిరించినా రాని నిశ్శబ్దం ఆ గదిలోకి తనంత తాను వచ్చి కూర్చుంది. ఒక్కడు పడుకోలేదు. నేను చెప్పకముందే వాళ్ళే లేచి కిటికీలు తెరిచి మూసేవారు, నా ఉద్యోగం కూడా ఊడినట్టే అనిపించింది. అక్క ఒకసారి తల్లి, ఒకసారి తండ్రి, ఒకసారి కమిటీ పెద్ద అయి, వాళ్ళ వాదనను చీల్చి చెండాడేది. నీ స్నేహితులందరూ శనివారాలు ఆడుకుంటున్నారని ఏడవకు, ఆ మాటకు మీ నాన్న దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది, ఆయన దగ్గర జవాబు లేని మాట చెప్పు అనేది. తనను బడి నుంచి ఎలా పంపించాలో అంత శ్రద్ధగా నేర్పిన టీచరును నేను మళ్ళీ చూడలేదు. చూడాలని కూడా లేదు.

క్రిస్మస్ ముందు వారం ఆ బడి వ్యాయామశాలలో తల్లిదండ్రులు దూరం దూరంగా వేసిన కుర్చీల్లో, మాస్కులతో కూర్చున్నారు. పిల్లలు ఒక్కొక్కరే మాట్లాడారు. చివర హనా లేచింది. కాగితం లేదు. ఆమె ఇంగ్లీషులో అన్న మాటలు నాకు తెలుగులో గుర్తున్నాయి: "శుక్రవారం దాకా జర్మన్ బడిలో నేను కొరియా పిల్లని. శనివారం కొరియా బడిలో నేను జర్మన్ పిల్లని. నాకు ఒక్క రోజు ఊరికే ఉండాలని ఉంది." తర్వాత, కిటికీ తెరిచిపెట్టింది, కార్డులు మార్చింది మేమే, తప్పు, దానికి క్షమించండి అంది. వాళ్ళమ్మ తల దించుకుంది. పెద్దలు కాసేపు కొరియా భాషలో మాట్లాడుకున్నారు. కమిటీ పెద్ద లేచి, కొరియా భాష మానడానికి వీల్లేదు, అది పొద్దున ఉంటుంది, ఇంగ్లీషు బాగానే వచ్చిందని ఇప్పుడే విన్నాం కనుక మధ్యాహ్నం తరగతి సెలవుల తర్వాత ఉండదు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. హనా కొట్టలేదు. నేరుగా అక్క దగ్గరికి వచ్చి, మీరు వేరే బడిలో చెబుతారు కదా మేడమ్ అని అడిగింది. చెబుతాను అంది అక్క. వేరే బడి లేదని నాకు తెలుసు.

డార్మ్‌స్టాట్ రైల్లో నేను ఊరుకోలేకపోయాను. "ఎందుకక్కా గిట్ల జేసినవ్? ఆ తల్లులకు ఒక్క మాట చెప్తే పోరలు సక్కగయ్యేటోళ్ళు. నీ క్లాసు నీకుండేది."

"ఉండేది," అంది. తర్వాత బుసాన్ సంగతి చెప్పింది. అక్కడ రాత్రి ట్యూషన్‌కు వచ్చే ఒక పిల్లవాడు రోజూ నిద్రపోయేవాడట. లేపితే లేచి క్షమాపణ చెప్పి, మళ్ళీ పడుకునేవాడు. వెనక నిలబెడితే గోడకు ఆని నిలబడే నిద్రపోయేవాడు. క్రమశిక్షణ లేదని యజమాని ఈమెను కోప్పడేవాడు, ఈమె వాణ్ణి కోప్పడేది. "నోరు తెరిచి అలిసిపోయాను టీచర్ అని ఉంటే ఇంటికి పంపేసేదాన్ని శ్రీనూ. అనలేదు. అనొచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు."

"గదంతా సరే. నీ కొలువు పాయె గదా."

"పోయింది. నాకు ఏడుపొస్తోంది. ఏడవనీ, కాసేపు మాట్లాడించకు."

మాస్కుతో ఏడవడం చాలా ఇబ్బంది. నా దగ్గర అదనంగా ఒకటి ఉంటే ఇచ్చాను. ఆ రోజు నేను చెయ్యగలిగింది అంతే.

తర్వాత ఆమె మళ్ళీ చదువుకు కూర్చుని, ఇక్కడి టీచర్ల శిక్షణ మొదటి నుంచీ పూర్తి చేసి, ఇప్పుడు పాడర్‌బోర్న్‌లో ఒక బడిలో పనిచేస్తోంది. నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ టీముకు లీడ్‌నయ్యాను. పోయినేడు మా మేనేజరు కొన్నాళ్ళు శనివారాలు కూడా పని చేయాలన్నాడు. టీములో అందరూ సరే అన్నారు. ఆ సరే తర్వాత పని నత్తనడక పట్టింది, సోమవారాలు జ్వరాలు పెరిగాయి, ఎప్పుడూ రాని తప్పులు కోడ్‌లో రాసాగాయి. వేరే లీడ్ అయితే గట్టిగా ఒక మెయిల్ పంపేవాడేమో. నేనూ రాశాను, పంపలేకపోయాను. మెత్తదనం వల్ల కాదు, ఆ గదిలో బోర్డుకు ఆని నిలబడిన మనిషి అడ్డొచ్చింది. అందరినీ కూర్చోబెట్టి, మీకేం కావాలో నాతో అనండి అన్నాను. ముందుగా నల్లగొండ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు, "అన్నా, శనివారం నేను చెయ్య. నాకు నిద్ర కావాలె" అన్నాడు. తర్వాత మిగతావాళ్ళూ అన్నారు. నేను ఆ మాటలే పైకి తీసుకెళ్ళాను. శనివారాలు ఆగాయి. నెల తిరగకుండా లీడ్ పదవి మరొకరికి వెళ్ళింది.

మండిపోయి అక్కకు ఫోన్ చేశాను. నీ పాఠం నా కుర్చీ తినేసిందక్కా అని మొదలుపెట్టి, కడుపులో ఉన్నదంతా కక్కేశాను. అటు నుంచి పిల్లల గోల వినిపిస్తోంది.

"అడిగారా?" అంది.

"అడిగిన్రు."

"గొణిగారా, మొహం చూసి అడిగారా?"

"మొహం చూసే అడిగిన్రు."

"అయితే సరే, పెట్టెయ్ నాన్నా. ఇక్కడొకడు బల్లెక్కి కూర్చున్నాడు, వాడికేం కావాలో కనుక్కోవాలి," అని నాకన్నా ముందే ఫోన్ పెట్టేసింది.