ఊడిన పింగాణీ పొరతో బద్వేలు నుంచి కర్నూలుకు

మా ఆవిడ రమాదేవి ముందు పంటి మీది పింగాణీ పొర ఊడిపోవడంతో ఈ ప్రయాణం పడింది. ఆమె పుట్టిల్లు ఆలూరు పక్కన ఒక పల్లె. అక్కడి బోరు నీళ్లకు చిన్నప్పుడే పళ్ల మీద గోధుమరంగు చారలు పడ్డాయి. పెళ్లయ్యాక పందొమ్మిదేళ్లపాటు కొంగు నోటికి అడ్డం పెట్టుకునే నవ్వింది. మూడేళ్ల కిందట కర్నూలులో ఒక పళ్ల డాక్టరు, మచ్చలు లేతవే కాబట్టి పల్చటి పొరలు చాలునని, పై వరసలో ఆరు పళ్లకు అతికించాడు. వెనీర్లంటారట. కంట్లో పెట్టుకునే లెన్సంత పల్చన. ఆ తర్వాత మా కిరాణా అంగట్లో ఆమె నవ్వితే వీధి చివరిదాకా వినపడేది. అలాంటి మనిషి మళ్లీ కొంగు అడ్డం పెట్టుకోవడం మొదలై నాలుగు నెలలైనా నేను గమనించనే లేదు. సరుకులకొచ్చిన ఒకామె "ఏమక్కా, ఆ పన్ను అట్లయిందే?" అని అడిగితే గానీ నాకు తెలియలేదు. సిగ్గుచేటు. ఏమైందని అడిగితే, "వక్క కొరికితి, ఊడొచ్చె" అంది రమ.

పొద్దున అయిదుకు బద్వేలు బస్టాండులో కర్నూలు బస్సెక్కాం. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా దాదాపు ఆరు గంటలు, ఇద్దరికీ కలిపి రెండు వందల లోపే. పోయేటప్పుడు ఎడమవైపు కూర్చోండి, ఎండ తగలదు. మైదుకూరు రాకముందే నేను అందుకున్నాను. "డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పలేదా? వక్కలొద్దు, గోర్లు కొరకొద్దు, దారాలు కొరకొద్దు అని! ఆ వక్క నోట్లో వేసుకోకపోతే ప్రాణం పోయేదా?" ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ మౌనం చూసి తప్పు ఒప్పుకుంటోందనుకుని ఇంకా రెచ్చిపోయాను. నంద్యాలలో టీకి దిగితే డ్రైవరు నా పక్కకొచ్చి, "ఇంగ ఇడ్సిపెట్టప్పా. పొద్దున్నుంచి నీ గొంతుకే జనం పక్కకు పోతాండారు, నాకు హారన్ కొట్టే పని లేకుండా పోయె" అన్నాడు. అందరూ నవ్వారు. రమ కూడా నవ్వింది, కొంగు వెనకాల.

పదకొండుకు కర్నూలులో దిగి, కొండారెడ్డి బురుజు దాటాక ఉన్న ఆ డాక్టరు ఆసుపత్రికి ఆటోలో వెళ్లాం. పాతికిచ్చాం. డాక్టరు ముందు రమ కుంకుమ భరిణె తెరిచింది. అందులో దూదిలో రెండు ముక్కలు.

"ఊడినప్పుడు ఒకటే ముక్కనా అమ్మా?"

"ఒకటే సార్. భరిణెలో పగిలిపోయింది."

"ఆ వారంలోనే తెచ్చుంటే అదే అతికించడానికి చూసేవాణ్ణి. ఇప్పుడు పొర ఊడిన పన్ను అంచున పుచ్చు మొదలైంది. దాన్ని బాగుచేసి కొత్తది వేయాలి. ఇవి పదేళ్లు, పదిహేనేళ్లు రావాల్సినవి. ఎలా ఊడింది?"

"వక్క సార్! ఎంత చెప్పినా వింటే కదా" అని నేను దూరాను.

రమ నా వైపు చూడలేదు. "వక్క కాదు సార్, దారం" అంది. "అంగట్లో పొట్లం కట్టి, దారం పండ్లతో తెంపుతాంటి. పండగొస్తే దినానికి రెండు మూడు నూర్లు కడతాం."

"కత్తెర లేదామ్మా?"

కత్తెర ఉంది. ఉగాది రద్దీలో అది కనపడక ఆమె వెదుకుతుంటే, అంగడి నిండా జనం ఉండగా "కత్తెర ఎదుక్కుంటా కూచుంటావా, కొరికెయ్" అని అరిచింది నేనే. ఆ రోజొక్కటే కూడా కాదు, మూడేళ్లుగా ప్రతి పండక్కీ. నేను తల దించుకుని నా చెప్పుల వైపు చూశాను.

డాక్టరుకు విషయం అర్థమైనట్టుంది. ఈసారి జాగ్రత్తలన్నీ నా ముఖం చూసే చెప్పాడు. ముందు పళ్లతో దారం, గోరు, ఐసుముక్క, గట్టి గింజలు కొరకకూడదు. ఉప్పూ బొగ్గుపొడీ పెట్టి రుద్దకూడదు, మెత్తటి బ్రష్షు వాడాలి. చిగురు దగ్గర శుభ్రంగా ఉంచుకోవాలి, పొర గట్టిగానే ఉన్నా దాని అంచున పన్ను పుచ్చుతుంది. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే తొడుగు చేయించుకోవాలి. ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. కొలత తీసుకుని, తాత్కాలికంగా ఒక పూత వేసి, పది రోజులకు రమ్మన్నాడు. పన్నుకు నాలుగు వేలు, ఇది ఈ ఏడాది, అంటే 2008లో రేటు.

బస్టాండు దగ్గర ఒక మెస్సులో జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాం. రమ రొట్టెను కొరకలేక అవస్థ పడుతుంటే రొట్టెలు కాల్చే ఆమె చూసి, "తుంచి కూరలో నాన్చుకోమ్మా. నిదానంగా తిను, ఈడ నిన్ను తొందరపెట్టేటోళ్లు ఎవురూ లేరు" అంది.

తిరుగు బస్సులో నంద్యాల దాటాక గానీ అడగలేకపోయాను. "ముందే యాల చెప్పలేదు? నేను బాధపడతాననా?"

"బాధపడతావని కాదప్పా" అంది. "'కొరకమంటే కొరికేస్తావా, నీకు బుద్ధుండొద్దా' అని అరుస్తావని."

నిజం. అక్షరాలా అదే అనేవాణ్ణి.

పది రోజులకు మళ్లీ పోయి వేయించుకొచ్చాం. రంగు కలిసింది, ఏది కొత్తదో నాకే తెలియదు. ఇప్పుడు పొట్లాలన్నీ నేనే కడుతున్నాను. అయినా నేను పక్కన ఉన్నంతసేపూ రమ ముభావంగానే ఉంటుంది. మొన్న నేను సరుకు కోసం ప్రొద్దుటూరు పోయొస్తే, ఎదురంగడాయన "ఈ పొద్దు మీ ఇంటామె శానా నవ్విందప్పా" అన్నాడు. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. పంటికి పొర పది రోజుల్లో వేయించగలిగాను, ఇది ఎన్నాళ్లకు సరిచేయగలనో తెలియదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఊడితే గమ్ముతో అతికించకండి, గట్టి మూత ఉన్న డబ్బీలో దూది పెట్టి ఆ వారంలోనే తీసుకెళ్లండి. ఎలా ఊడిందని మాత్రం దారిలో నిలదీయకండి, ఆ మాట డాక్టరు అడుగుతాడు.